సింగన్న దాచుకున్న గాటు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక చేపల రేవు. ఆ రేవంతా తనదేననుకునే గండుపిల్లి ఒకడు ఉండేవాడు. పేరు సింగన్న. చిరిగిన చెవిని, ముక్కు మీది గీతల్ని అందరికీ చూపించి, "అన్నీ గెలిచిన పోట్లాటలే" అనేవాడు. ఒక్క గాటు మాత్రం చూపించేవాడు కాదు. అది తోక మొదట్లో ఉంది. పారిపోయేవాడికి కాకపోతే అక్కడ ఇంకెవరికి పడుతుంది గాటు!

ఒకరోజు గవ్వ అనే పిల్లికూన వలల మీద సొమ్మసిల్లి పడిపోయింది. ఒంటికి పట్టిన గోమార్లు, ఆ పురుగులు, దాని రక్తం పీల్చేశాయి. మేక డాక్టరమ్మ వచ్చి చిగుళ్ళు చూసింది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

"సాయంత్రంలోగా రక్తం ఎక్కించకపోతే పిల్ల దక్కదు. ఎవరిస్తారు?"

"నేనుండగా ఇంకెవరు?" సింగన్న మీసం తిప్పాడు.

"నేనూ..." అని గొణిగింది పాపమ్మ. తాళ్ళ చుట్ట దాటి బయటికి రాని పిరికి పిల్లి అది.

"నువ్వా? సూది చూస్తేనే చస్తావు. కూర్చోవమ్మా!" అని కసిరాడు సింగన్న.

డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని సింగన్న వైపు తిరిగింది. "ఈమధ్య జ్వరమొచ్చిందా?"

"నన్ను చూస్తే జ్వరానికే చలి!" నిజానికి పోయిన వారమే మూడు రోజులు ఐసు పెట్టెల వెనక వణికాడు.

"గోమార్లున్నాయా?"

"నా దగ్గర వాటి ఆటలు సాగవు!"

"ఎవరైనా కరిచారా?"

సింగన్న తోకని కిందికి నొక్కుకుని కూర్చున్నాడు. "నన్ను కరిచే మొనగాడింకా పుట్టలేదు!"

డాక్టరమ్మ సూది తీసింది. గవ్వ ఒక కన్ను తెరిచింది.

"మామా, నీలో ఉన్నదంతా నాకొచ్చేస్తుందా? నీ ధైర్యం కూడా?"

సింగన్న తన తోక వైపు చూసుకున్నాడు. గవ్వకి తన దగ్గర్నుంచి ఇంకేం వస్తాయో!

"ఆపండి డాక్టరమ్మా!" లేచి, వెనక్కి తిరిగి, తోక ఎత్తాడు. "పక్క రేవు నల్లోడు కరిచాడు. నేను పారిపోతుంటే. జ్వరమూ వచ్చింది."

"మరి గోమార్లు?"

"సంత పెట్టాయమ్మా నా ఒంటి మీద."

పడవ మీద వాలిన కాకి పకపకా నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. "కాట్లతో, గోమార్లతో కంటికి కనపడని క్రిములు రక్తంలో చేరతాయి. నీ రక్తం ఎక్కించి ఉంటే ఈ పసిదాని పని అయిపోయేది."

పాపమ్మ తనంతట తానే ముందుకొచ్చింది. "తొందరగా కానివ్వండమ్మా, మళ్ళీ భయమేస్తుంది" అంటూ కళ్ళు గట్టిగా మూసుకుంది. దాని రక్తం శుభ్రంగా ఉందని చూశాకే డాక్టరమ్మ గవ్వకి ఎక్కించింది.

పొద్దు వాలేసరికి గవ్వ చిగుళ్ళు ఎర్రబడ్డాయి. చేప తలకాయ కావాలని గోల చేసింది. పరీక్ష చేస్తే సింగన్న రక్తంలో క్రిములు ఉండనే ఉన్నాయి. నెల్లాళ్ళు చేదు మందు మింగమని రాసిచ్చింది డాక్టరమ్మ. రోజూ పొద్దున్నే గవ్వ మందు పట్టుకుని అతని గుండెల మీదికెక్కి కూర్చునేది.

"నోరు తెరు మామా, మొనగాడివి కదా!"

ఇప్పుడు రేవుకి కొత్తవాళ్ళెవరొచ్చినా సింగన్న ముందు తోక ఎత్తి చూపిస్తాడు. చెవి సంగతి ఆ తర్వాతే.

నీతి: దాచుకున్న గాయం మనతోనే ఆగిపోదు, సిగ్గు విడిచి చెప్పిన నిజం మనల్నీ, పక్కవాళ్ళనీ బతికిస్తుంది.