గుండ్లవాగు గుడిలో రూతమ్మ చాప

నల్లమల అంచున, గుండ్లవాగు గట్టు మీద కనిపించే నాపరాతి గుడి పరిశుద్ధ మీకాయేలు దేవాలయం. లోపల కుడివైపు మగవారికి, ఎడమవైపు ఆడవారికి చాపలు పరుస్తారు. నడిమి దారిలో, గురువు ఆరాధన జరిపే పరిశుద్ధ బల్లకు ఎదురుగా, ఒక ఈతచాప విడిగా ఉంటుంది. కొత్తవారు అది ఎవరో పెద్దల కోసమనుకుని తప్పుకుని నడుస్తారు. నిజానికి అది పాడలేనివారి చాప. ఊరివారు దాన్ని రూతమ్మ చాప అంటారు.

పూర్వం ఇక్కడ బోదగడ్డి కప్పిన గుడిసే గుడిగా ఉండేది. సంఘంలో చదువు వచ్చినవారు తక్కువ. ఆంగ్లికన్ మిషనరీ దొరలు తెచ్చిన ప్రార్థన క్రమం వారికి పాటగానే ఒంటబట్టింది. సాయంకాల ప్రార్థనలో ఒక చరణం మగవారు, మరు చరణం ఆడవారు వంతులవారీగా కీర్తన పాడేవారు. ప్రార్థన పుస్తకంలో ఏ తేదీకి ఏ కీర్తన రాసి ఉంటే అదే పాడాలి. పెళ్ళయినా చావయినా మార్చేది లేదు.

ఆడవారి చరణం ఎత్తుకునేది రూతమ్మ, మగవారిది ఇస్సాకు. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఇస్సాకు గొంతెత్తితే కొండమీది మేకలు బెదురుతాయని ఆమె అనేది. ఆమె రాగం తీసేలోపు ఇంట్లో సంగటి మాడిపోతుందని ఆయన అనేవాడు.

ఒక ఏడు కలరా వచ్చి రూతమ్మ ఒక్కగానొక్క కూతురు సుగుణను తీసుకుపోయింది. రూతమ్మ గుడికి రావడం మానేసింది. గురువు తిమోతి అయ్యగారు ఇంటికి వెళితే గడపలోనే నిలబడి చెప్పింది.

“నాకు నమ్మకం సచ్చిపాయ అయ్యగారూ. దేవుడు మంచోడని పాడితే అబద్ధం కాదా?”

“పాడొద్దులేమ్మా. వచ్చి కూసో, సాలు,” అన్నారాయన.

కూతురు కూర్చునే చోటును ఒకసారి చూసుకోవాలనిపించి ఆ సాయంత్రం వచ్చింది. ఆ చోటు ఖాళీగా కనబడేసరికి అక్కడిదాకా పోలేకపోయింది. నడిమి దారిలోనే కూలబడింది. ఆ తేదీకి వచ్చింది స్తుతి కీర్తన. మగవారు మొదటి చరణం పాడి ఆగారు. రూతమ్మ ఎదుట ఉండగా ఆమె వంతు ఎత్తుకోవడానికి ఏ ఆడమనిషికీ మనసొప్పలేదు.

ఇస్సాకు లేచాడు. తిడతాడేమోనని అందరూ బెదిరారు. ఆయన వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుని ఆడవారి చరణం ఎత్తుకున్నాడు. ఇన్నాళ్ళూ వెక్కిరించిన ఆ సాగదీతతోనే పాడాడు. ఆడవారు అందుకున్నారు. రూతమ్మకు మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఏడుపు వచ్చింది, కడుపులో బరువు కొంచెం దిగింది.

ఆనాటినుంచి రోజూ వచ్చి అక్కడే కూర్చునేది, పాడేది కాదు; ఆమె చరణం ఇస్సాకే ఎత్తుకునేవాడు. ఎవరో ఆమె కింద ఒక ఈతచాప వేశారు. ఎప్పుడు పాడతావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

జొన్నకోతల తర్వాత ఇస్సాకు భార్య కాలం చేసింది. సమాధి చేసి వచ్చిన సాయంత్రం ఇస్సాకు మగవారి వైపు పోలేదు. వచ్చి ఆ చాప కొసన కూర్చున్నాడు. మగవారి వంతు వచ్చింది. ఆయన పెదవులు కదిలాయి కానీ శబ్దం రాలేదు. అప్పుడు రూతమ్మ నోరు తెరిచింది. మేకలు బెదిరే ఆ మోటు వరసలోనే మగవారి చరణం ఎత్తుకుంది.

నమ్మకం తిరిగొచ్చిందా అని తర్వాత ఎవరో అడిగారట.

“అది నాకు తెల్దు నాయనా. ఇన్ని దినాలూ ఆయప్ప గొంతును ఆసరా పట్టుకోని బతికినా. ఆ పొద్దు ఆయప్పకు గొంతు ల్యాకపాయ. నేను ఊరికే ఉంటే ఎట్ల?”

నేటికీ ఆ చాప మీద కూర్చున్నవారి వంతును ఎదుటి వైపువారు పాడతారు. కూర్చున్నవారు మళ్ళీ గొంతెత్తిన ఏడు, కోతల పండుగకు కొత్త చాప తెచ్చి పరుస్తారు. ఇక్కడికి వస్తే కోరికలు తీరతాయని ఈ గుడి పెద్దలు ఎవరికీ మాట ఇవ్వరు. నోరు పెగలనప్పుడు వచ్చి నడుమ కూర్చోండి. మీ చరణం ఎవరో ఒకరు ఎత్తుకుంటారు.