కెంపి లేని ఏడు

కొండ కింది దొడ్డిలో ఏడు మేకపిల్లలు ఉండేవి. పొద్దు వాలగానే అవన్నీ లోపలికి చేరితేనే తలుపు గడి పడాలి. ఆ కాపలా ముసలి ఎద్దుది. ప్రతి పిల్లనూ మూతితో తాకి, పేరు పెట్టి పిలిచి, ఆ తర్వాతే గడి వేసేది. ఎర్రమేక బంగారికి ఆ నత్తనడక చూస్తే ఒళ్ళు మండేది. పొదుగు సలుపుతుంటే ఈ తాకుళ్ళేమిటని సణిగేది. దానికి ఉన్నది ఒక్కగానొక్క పిల్ల, కెంపి.

ఆ సణుగుడు కంచె అవతల నక్క చెవిన పడింది. ఊరి బడి కిటికీ కింద పడుకుని చదువంతా ఒంటబట్టించుకున్నానని చెప్పుకునే నక్క అది.

"ఈ ముసలాయన్ని ఎన్నాళ్ళు భరిస్తావు చెల్లెమ్మా? ఆలస్యం అమృతం విషం అన్నారు. నేనొక పరీక్ష పెడతా. నెగ్గినవాళ్ళకే కాపలా ఇవ్వండి" అంది.

అందరికంటే ముందు సరేనన్నది బంగారే.

మర్నాడు నక్క కంచె అవతల నిలబడి ప్రశ్న వేసింది. "నల్లపిల్లలు నాలుగు. కొమ్ములొచ్చిన పిల్లలు మూడు. మొత్తం పిల్లలెన్ని? అయిదా, ఆరా, ఏడా, ఎనిమిదా? వీటిలో ఒకటి చెప్పాలి."

ఎద్దు నెమరు ఆపింది. "నల్లగా ఉండి కొమ్ములు కూడా ఉన్నవెన్ని? ఆ రెండూ లేనివెన్ని? అది చెప్పకుండా మొత్తం ఎలా తేలుతుంది నాయనా?"

"నాలుగు జవాబులిచ్చాను కదా మావయ్యా! ప్రశ్నకు ఎదురు ప్రశ్న జవాబవుతుందా?"

దొడ్డిలోని పొట్టేలు ముందుకు దూకింది. "నాలుగూ మూడూ ఏడు!"

దొడ్డిలో ఉన్నవి నిజంగా ఏడే. భేషని మేకలన్నీ అరిచాయి. బంగారి ఇంకా గట్టిగా అరిచింది. ఎద్దు తల దించుకుని పాకలోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పొట్టేలు తలుపు దగ్గర నిలబడింది. "నల్లవి రండి! నాలుగు. ఇప్పుడు కొమ్ములవి రండి! మూడు. ఏడూ సరి!" చిటికెలో గడి పడింది.

"మా కెంపి కనబడదేం?" అంది బంగారి.

"ఏ గడ్డి చాటునో నిద్రపోయుంటుంది అక్కా. ఏడు లెక్కపెట్టాగా, లెక్క తప్పుతుందా?"

పొదుగు బరువుగా లాగుతూనే ఉంది. అయినా లెక్క ముందు తల్లి నోరు మూసుకుంది.

అంతలో బయట ఒకే ఒక్క అరుపు వినబడింది. గడి తీసి పరుగెత్తేసరికి నక్కా లేదు, పిల్లా లేదు. కెంపి మెడలోని మువ్వ దుమ్ములో పడి ఉంది.

ఎద్దు మెల్లగా వచ్చి బంగారి పక్కన నిలబడింది. "మన పిల్లల్లో కరిగాడు నల్లవాడే, కొమ్ములవాడే. వాణ్ణి రెండుసార్లు లెక్కపెట్టారు. కెంపిది నలుపూ కాదు, దానికి కొమ్ములూ లేవు. దాన్నెవరూ పిలవనేలేదమ్మా."

"ఏడూ సరిపోయాయి కదా మావయ్యా!" బంగారి బావురుమంది.

"సరిపోయాయి తల్లీ. అందుకే ఎవరూ వెతకలేదు."

మర్నాడు పొద్దు వాలాక పొట్టేలు మళ్ళీ అలాగే లెక్కపెట్టి చూసింది. నల్లవి నాలుగు, కొమ్ములవి మూడు. ఇప్పుడూ ఏడే వచ్చింది. తాగేవాళ్ళు లేని పాలు బంగారి పొదుగు నుంచి మట్టిలోకి కారుతున్నాయి.

మొత్తం సరిపోయినంత మాత్రాన మందంతా ఇల్లు చేరినట్టు కాదు.