మరిడమ్మ పులసలు

అనగా అనగా, అంటే ఎన్నాళ్ళ కిందట అని నన్నడక్కండి. గోదారి తనకు తోచిన చోటల్లా పాయలు చీలుస్తూ తిరిగిన రోజులవి. అలాంటి ఒక పాయ ఒడ్డున చేపలు పట్టుకునే వాళ్ళ ఊరుండేది. ఊరి చివర, ఇసుక మొదలయ్యే చోట ఒక తాటాకు పాక. ఆ పాకలో మరిడమ్మ ఒక్కతే ఉండేది.

మరిడమ్మ మంత్రసాని. మొగుడు పడవతో పాటే పోయాడు. పిల్లలు లేరు. ఊళ్ళో ఏ ఆడపిల్లకి నొప్పులొచ్చినా కబురొచ్చేది. పిలిచారు, వెళ్ళింది. బొడ్డు కోసింది, బిడ్డకి నీళ్ళు పోసింది. చేటలో ఇంత బియ్యం పోశారు, తెచ్చుకుంది. ఆ తర్వాత ఆ గుమ్మం ఎక్కమన్నవాళ్ళు లేరు. పెళ్ళికి పిలవరు, బారసాలకి పిలవరు. పురుటి గదిలో చేతులు పెట్టిన మనిషి శుభానికి ఎదురొస్తే ఎలాగ అనేవాళ్ళు. నిజమే కాబోలు అనుకునేది మరిడమ్మ.

ఏటా ఆమె ఎదురుచూసే చుట్టాలు పులసలే.

తొలి వరదతో గోదారికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, సముద్రంలోంచి పులసలు ఎదురీదుకుంటూ వస్తాయి. కడుపునిండా గుడ్లతో వస్తాయి. ఊరికి ఎగువన, కొండ మలుపులో ఒక మడుగుంది. ఎక్కడ పుట్టాయో ఆ మడుగుకే వస్తాయి. మరిడమ్మ చద్దిమూట కట్టుకుని అంతదూరం నడిచి, అక్కడొక రాయి మీద కూర్చునేది. ఎర్రనీళ్ళలో చేప కనపడదు. నీళ్ళు పైపైన వణకడం మాత్రం కనపడుతుంది. నిండుచూలాలి కడుపు మీద చెయ్యేస్తే లోపల కదిలినట్టు, అలా. ఆ కదలిక మరిడమ్మకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

"వచ్చారా అమ్మా పుట్టింటికి? దారిలో అలిసిపోయారా?" అని అడిగేది.

నీళ్ళు తేటపడ్డాక మళ్ళీ వెళ్ళేది. ఒడ్డు వార గడ్డిపరకలంతేసి పిల్లలు మిలమిలమంటూ తిరుగుతుండేవి. ఎవరూ రావద్దనని బారసాల ఆమెకదొక్కటే.

ఇలా ఉండగా ఒక ఏడు, కులపెద్ద పోతయ్యకి ఒక ఆలోచన వచ్చింది. "ఒక్కొక్కటీ పట్టడమేంటి? ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి అడ్డువల కడితే వచ్చినవన్నీ మనవే" అన్నాడు. కట్టారు. ఆ ఏడు ఊరు ఊరంతా పులుసు తిని తిని మొహం మొత్తింది. మడుగులో మాత్రం నీళ్ళు ఏ మూలో కాస్త వణికాయి. రెండో ఏడు వలలో సగమే పడ్డాయి. మడుగులో ఇంకా తక్కువ కదిలాయి. మూడో ఏడు మరిడమ్మ చద్దన్నం అయిపోయేదాకా కూర్చుంది. నీళ్ళు పలకలా పడున్నాయి. ఎవరూ రాలేదు.

ఆమె తిన్నగా రేవుకి వచ్చింది. మగాళ్ళంతా వలలు ఆరేసుకుంటున్నారు.

"పెద్దయ్యా, ఆ అడ్డువల కాస్త తీయించండి. పురిటికొచ్చే ఆడపిల్లలు కదా" అంది.

అందరూ ఒక్కసారి నవ్వారు. "చేపలక్కూడా పురుడు పోస్తావేంటే మరిడీ?" అన్నాడొకడు. "చేటలో బియ్యం బదులు పొలుసులు పోస్తాయిలే!" అన్నాడింకొకడు.

"మనింటి పిల్ల పుట్టింటికొస్తుంటే దారికి అడ్డం కడతామా, అయ్యా?"

"మనింటి పిల్లని పులుసు పెట్టుకోం కదే!" అన్నాడు పోతయ్య. ఈసారి పడవలు కదిలేటట్టు నవ్వారు.

మరిడమ్మ తలొంచుకుని వెళ్ళిపోయింది.

మరుసటేడు పోతయ్య కూతురు సూరమ్మ తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఎర్రనీరు తగిలిన పొద్దునే నొప్పులు మొదలయ్యాయి. పిలిచారు, మరిడమ్మ వెళ్ళింది. బిడ్డ అడ్డం తిరిగింది. ఎంత సవరించినా దారికి రాలేదు.

కానుపు కష్టమైతే ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ. ఇంట్లో ఉన్న ముళ్ళన్నీ విప్పేస్తారు. "విప్పండయ్యా" అంది మరిడమ్మ. పోతయ్య ఆడవాళ్ళ కొప్పుల ముడులు విప్పించాడు. కుండల మూతికి కట్టిన వాసెనగుడ్డలు విప్పాడు. గేదె పలుపు విప్పితే గేదె పెరట్లో అరటిమొక్క తినేసింది. పడవ తాడు విప్పితే పడవ దిగువకి కొట్టుకుపోయింది. సూరమ్మ అరుపు సన్నబడిపోతోంది.

పోతయ్య పెళ్ళాం అప్పాయమ్మ బయటికొచ్చింది. "ఇంకో ముడుంది" అంది.

"ఏదీ?"

"నీ అడ్డువల."

"ఆ ఒక్కటీ అడక్కే. ఇవాళేగా ఎర్రనీరొచ్చింది!"

"నీకు చేపలు కావాలా, పిల్ల కావాలా?"

పోతయ్య వానలో పరిగెత్తాడు. ఈ ఒడ్డున ముడి విప్పాడు, ఈదుకుంటూ పోయి ఆ ఒడ్డున ముడి విప్పాడు. నీళ్ళోడుతూ తిరిగొచ్చేసరికి ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినపడింది. ఆడపిల్ల.

మరిడమ్మ పెరట్లో చేతులు కడుక్కుంటోంది. పోతయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మరిడీ, నిజం చెప్పు. ఆ ముడేనా?"

అవునంటే చాలు. ఆ వల మళ్ళీ ఏరు ముఖం చూడదు. ఆ సంగతి మరిడమ్మకి తెలుసు. మడుగు కళ్ళముందు మెదిలింది. కానీ బిడ్డల్ని పట్టిన చేతులవి. వాటిని కడుక్కుంటూ అబద్ధమాడలేకపోయింది.

"తెలీదయ్యా" అంది. "ఏ ముడో నాకెప్పుడూ తెలీదు. అందుకే అన్నీ విప్పమంటాం."

"తెలీదా! తెలీకుండానే నా చేత వల విప్పించారా?"

పొద్దు తిరిగేసరికి వల మళ్ళీ కట్టేశాడు. ఆ కాస్త సందులో ఎన్ని దాటాయో అన్ని దాటాయి. మడుగులో ఆ ఏడు నీళ్ళు కొంచెం వణికాయి.

తర్వాత ఊళ్ళో మాట మారిపోయింది. మంత్రసాని చేపల మీద మమకారంతో పోతయ్యని ఆడించిందన్నారు. అవతలి ఒడ్డు నుంచి వేరే మంత్రసానిని పిలిపించుకున్నారు. ఏ ఇంట్లో నొప్పులొచ్చినా అరుపులు పాకదాకా వినపడేవి. మరిడమ్మ చేతులు కడుక్కుని, గుమ్మంలో కూర్చునేది. పిలవలేదు. వెళ్ళలేదు. పసిబిడ్డ ఏడుపు విన్నాక లేచి లోపలికి పోయేది.

మళ్ళీ ఎర్రనీరు తగిలింది. మరిడమ్మ ఎగువకి నడుస్తూ ఎవరికీ కనపడలేదు. ఈసారి ఎందుకు వెళ్ళలేదో అని అప్పాయమ్మకి తోచి, పాక తలుపు తీసింది. చద్దిమూట కట్టే ఉంది. దాని పక్కనే మరిడమ్మ, ఒత్తిగిలి పడుకుని, ప్రాణం పోయి ఉంది.

రేవులో పెద్దలు కూర్చున్నారు. "ఈమెకి నా అన్నవాళ్ళు లేరు. మైల ఎవరు పడతారు?" అన్నాడు పోతయ్య.

వెనక నిలబడ్డ ఆడవాళ్ళలోంచి అప్పాయమ్మ అంది, "నా కూతుర్నీ, నా మనవరాల్నీ ముందు పట్టుకున్నది ఆవిడే. నాకు మైలే."

"నా కొడుకుల్నీ పట్టింది. నాకూ మైలే" అంది ఇంకొకామె.

"నన్ను పట్టింది" అన్నాడు ఒక మగాడు, పొలుసులంటూ నవ్వినవాడే.

అలా అంటూ అంటూ పోతే మైల లేని ఇల్లు ఊళ్ళో ఒక్కటీ మిగల్లేదు. మైల ఉన్నవాడు వల తడపకూడదు. పోతయ్యే వెళ్ళి అడ్డువల విప్పి చుట్టేశాడు.

మైల తీరిన రోజు ఆమె పేరిట ముద్ద వదలడానికి మడుగుకి బయల్దేరాడు. అంతకు ముందెప్పుడూ అక్కడికి వెళ్ళినవాడు కాదు. ఒడ్డుకి చేరి ఆగిపోయాడు. మడుగు ఈ చివర నుంచి ఆ చివరకి వణుకుతోంది. ముద్ద నీళ్ళలో వదిలి, రాయి మీద కూర్చున్నాడు. పక్కన మాట్లాడేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ ఆ మనిషి ఇలాగే కూర్చుందా అనుకున్నాడు. పొద్దుపోయేదాకా లేవబుద్ధి కాలేదు.

ఆ మరుసటేడు కుర్రాళ్ళు అడ్డువల భుజానేసుకుని బయల్దేరారు. పోతయ్య దారికి అడ్డం నిలబడ్డాడు.

"చావుకి ఆపాం కదరా. పుట్టుకకి ఆపలేమా?"

అదీ సంగతి. ఇప్పటికీ ఎర్రనీరు తగిలితే ఆ ఊరంతటికీ పురుడు. దేవుడి దగ్గర దీపం పెట్టరు. వలలు గుంజల మీదే ఆరుతుంటాయి. పురుటి రోజులు తీరి, అందరూ తలకి పోసుకున్నాకే పడవలు దిగుతాయి.

ఆ సంగతి తెలియని బేరగాళ్ళు దూరం నుంచి పడవలేసుకుని వస్తారు. "జన పులస, గుడ్లున్నది, ఉందా అండీ?" అని కేకేస్తారు.

"లేదండీ. మాకు పురుడు."

"ఎవరింట్లో?"

"అందరిళ్ళలోనూ" అంటారు ఒడ్డు మీద వాళ్ళు, ఎగువకి చూస్తూ.