మూడో వరస, ఏడో రాయి

అనగనగా, నాపరాళ్ళు దొరికే సీమలో ఒక ఊళ్ళో శౌరమ్మ అని ఒకావిడ ఉండేది. ముగ్గుపిండి అమ్ముకునేది. తెల్లారేసరికి గంప నెత్తిన పెట్టుకుని "ముగ్గో... ముగ్గు!" అని కేకేసిందంటే, నీలాంటి మొద్దునిద్ర పిల్లలు కూడా లేచి కూర్చోవాల్సిందే. ఏయ్, నవ్వింది చాలు. కళ్ళు మూసుకుని విను.

శౌరమ్మకి ఆరేళ్ళప్పుడే వాళ్ళమ్మ జ్వరమొచ్చి చనిపోయింది పాపం. చర్చి వెనక సమాధుల తోటలో మట్టి చేసి, నాపరాయి మీద నాలుగు మాటలు చెక్కించారు. ఆ తర్వాత వాళ్ళ నాన్న, పిల్లని మేనత్త ఊరికి తీసుకుపోతూ, "గేటులోంచి మూడో వరస, కుడిచేతి పక్క ఏడో రాయి. అదే మీ అమ్మ. మర్చిపోకు తల్లీ" అన్నాడు. శౌరమ్మకి చదువు రాలేదు గానీ ఆ లెక్క మాత్రం మర్చిపోలేదు. ఎలా మర్చిపోతుంది, అమ్మ కదా!

మేనత్త ఊళ్ళోనే పెరిగింది, అక్కడే పెళ్ళయింది. మొగుడు పోయాక, నలభై ఏళ్ళ మనిషి, మళ్ళీ పుట్టినూరొచ్చింది. వస్తూనే సమాధుల తోటకి పోయింది. గేటులోంచి మూడో వరస, కుడిచేతి పక్క ఏడో రాయి దగ్గర కూలబడి బావురుమంది. అప్పట్నుంచీ ఏటా సమాధుల పండక్కి ఆ రాయికి బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించేది. ఇరవై ఏళ్ళు, ఒక్క ఏడాదీ తప్పలేదు. ఏ కష్టమొచ్చినా ఆ రాయితోనే చెప్పుకునేది.

ఒక ఏడాది తోటలో జాగా చాల్లేదు. అప్పుడు ఉపదేశి జోజప్ప చర్చిలో లేచి నిలబడ్డాడు. ఉపదేశి అంటే ఎవరనుకున్నావు, ఫాదరుగారు లేనప్పుడు ప్రార్థన చేయించే పెద్దాయన. "పండగ పొద్దున వచ్చి చూస్తాను. పేరు కనపడని రాళ్ళు తీసేస్తాం" అన్నాడు.

శౌరమ్మ పూలు పెట్టే రాయేమో అరిగిపోయి, నాచు పట్టి ఉంది. రాయి పోతే అమ్మ ఆనవాలే ఉండదు. పండక్కి ఇంక మూడు రోజులే!

మొదటిరోజు బిందెలకు బిందెలు నీళ్ళు పోసి కడిగింది. నాచు పోయింది, అక్షరం కనపడలేదు. రెండోరోజు చింతపండు పెట్టి, కొబ్బరి పీచుతో అరచేతులు బొబ్బలెక్కేలా తోమింది. ఊహూఁ.

మూడోరోజు, అదే పండగ రోజు, ముగ్గు అమ్మబోతే ఒక ఇల్లాలు తగులుకుంది. "నీ ముగ్గేంటే శౌరమ్మా, బండ గాట్లలో చేరితే ఎంత కడిగినా చావదు!" అని తిట్టింది. వేరే రోజైతే శౌరమ్మ ఒకటికి నాలుగు అంటించేదే. ఆ రోజు మాత్రం, "నీ నోట్లో చక్కెర పొయ్య!" అని గంపతో సహా పరుగెత్తింది.

రాయి మీద దోసిళ్ళకొద్దీ ముగ్గు పోసి, కొంగుతో పైపైన తుడిచింది. గాట్లలో పిండి నిలిచిపోయింది. తెల్లగా అక్షరాలు! "ఊరందరి వాకిళ్ళకీ అమ్మాను గానీ, మా అమ్మకి ఒక్క పిడికెడు చల్లలేదే" అని ఏడుస్తూ నవ్వింది.

అప్పుడు జోజప్ప వచ్చి, వంగి చదివాడు. "ఇతని పేరు, ఊరు తెలియదు. వాగు పొంగిన రోజున ముగ్గురు పిల్లల్ని గట్టు చేర్చి తాను మునిగాడు. ఇతనికి ఎవరూ లేరు. చూసినవారు ఒక దీపం పెట్టండి."

"అదేంటన్నా! గేటులోంచి మూడో వరస, ఏడో రాయి! మా నాన్న చెప్పాడు!"

"ఏ గేటమ్మా? పాత గేటు తూర్పునుండేది. తుఫానుకి గోడ పడిపోతే ఈ గేటుని పడమటేపు పెట్టారు. నువ్వప్పుడు ఊళ్ళో లేవుగా."

ఇరవై ఏళ్ళు! ఎవరి దగ్గరో దీపం పెట్టి, అమ్మని చీకట్లో వదిలేసింది. శౌరమ్మ తూర్పు గోడ దగ్గరికి పరుగెత్తి, అక్కణ్ణుంచి లెక్క పెట్టుకుంటూ వచ్చింది. మూడో వరసలో ఏడో రాయి ముళ్ళకంప కింద ఉంది. కంప లాగిపారేసి, గంప అడుగున మిగిలిన పిడికెడు ముగ్గూ దాని మీద చల్లింది.

"ఇన్నాసమ్మ. శౌరి వాళ్ళమ్మ" అని చదివాడు జోజప్ప. అంతే ఉంది, ఇంకేం లేదు.

"ఇందులో నా పేరేదన్నా?" అంది శౌరమ్మ. ఆయన చూపించాడు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇన్నేళ్ళు ఇక్కడున్నానా నేను? ఒక్కసారి కేకెయ్యొచ్చు కదే అమ్మా!" అని రాయిని వాటేసుకుని ఏడ్చింది.

జోజప్ప పడమటి రాయి వైపు తిరిగాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "మీ అమ్మ రాయికి ఢోకా లేదు. మరి ఆ రాయి మీద పేరే లేదు కదమ్మా. తీసెయ్యాల్సిందే."

శౌరమ్మ చివాల్న లేచింది. ముక్కు చీది, కొంగు బిగించింది. "ఎవరంట ఆ రాయి మీద చెయ్యి వేసేది? మొగుడు పోయిన దుఃఖం చెప్పుకుంటే విన్నది ఎవరు? జ్వరమొచ్చి మంచాన పడి లేస్తే నేను మొదట చెప్పింది ఎవరికి? పేరు లేకపోతే లేకపోయింది. నా మనిషని రాసుకో పో!"

జోజప్ప అలాగే రాసుకుని పోయాడు.

ఆ సాయంత్రం శౌరమ్మ రెండు కొవ్వొత్తులు తెచ్చింది. ఒకటి తూర్పున అమ్మకి, ఒకటి పడమట ఆ మనిషికి. మర్నాటి నుంచి ముగ్గు అమ్మబోయే ముందు ఇద్దరికీ చెరో పిడికెడు చల్లి, ఆ తర్వాతే కేకేసేది.

దీపం గూటికి,
ముగ్గు వాకిటికి,
కథ కంచికి,
నా చిట్టితల్లి మంచానికి.