మేనేజరు నక్క కూర్చున్న భోజనం

అడవి అంచున, వాగు పక్కనున్న ఇప్పచెట్ల తోపులో జంతువుల ఆసుపత్రి ఒకటి ఉండేది. దాన్ని నడిపేది ఒక ముసలి ఏనుగు. విరిగిన కాలికి కట్టు కట్టడంలోనూ, వదలని జ్వరాన్ని దింపడంలోనూ ఆమెకు సాటి వచ్చేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. అందరూ ఆమెను పెద్దమ్మ అని పిలిచేవాళ్లు. ఆమె దగ్గర మూడేళ్లు పని నేర్చుకుంటే ఏ అడవికి పోయినా వైద్యం చేసుకుని బతకొచ్చు. అప్పట్లో అలా నేర్చుకుంటున్నది ఒక ఎద్దు, ఒక మేక. ఎద్దు నిదానస్తుడు. మేక నోరు ఊరుకోదు.

ఆసుపత్రి వ్యవహారాలు చూసేది మేనేజరు నక్క. ఆయనకు కట్టు కట్టడం రాదు, కషాయం కాచడం రాదు. కానీ ఎవరు ఏ రోజు పనికి రావాలో, ఎవరికి ఎప్పుడు సెలవో ఆయనే చెప్పాలి. అందుకని ఆయన కనబడితే ఎద్దు కూడా లేచి నిలబడేవాడు.

ఏటా ఎండాకాలం చివర కొత్తవాళ్లను చేర్చుకునేవాళ్లు. పొద్దున పెద్దమ్మ ప్రశ్నలడిగి పరీక్షించేది. మధ్యాహ్నం, అప్పటికే అక్కడ నేర్చుకుంటున్నవాళ్లతో కలిసి భోజనం. సాయంత్రం పెద్దమ్మ తన మాట చెప్పేది, వచ్చినవాళ్లు తమ మాట చెప్పేవాళ్లు. ఆ భోజనం దగ్గర పెద్దవాళ్లెవరూ కూర్చోకూడదని పెద్దమ్మ ఎప్పుడో పెట్టిన పద్ధతి. మూడేళ్లు ఉండబోయేవాళ్లు, ఉంటున్నవాళ్లను అడగాల్సినవి కొన్ని ఉంటాయి కదా.

రెండేళ్ల కిందట ఒక కణుజు జింక వచ్చి, పరీక్షలో అన్నిటికీ జవాబు చెప్పి, భోజనం చేసి, నాకు కుదరదని వెళ్లిపోయింది. ఎద్దూ మేకా ఏదో చెడుగా చెప్పి ఉంటారని నక్కకు అనుమానం. మరుసటి ఏడు తనూ భోజనానికి కూర్చుంటానని పట్టుబట్టాడు. పెద్దవాడు పక్కన ఉంటే వచ్చినవాళ్లకు గౌరవంగా ఉంటుందని వాదించాడు. పెద్దమ్మ కాసేపు చెవులు ఊపి, సరే చూద్దాం అంది.

ఆ ఏడు వచ్చింది ఒక పొట్టేలు. నక్క పక్కనే ఉన్నాడు కాబట్టి ఎద్దూ మేకా అంతా బాగుందనే చెప్పారు. పొట్టేలు సంతోషంగా చేరాడు. వానలు పడ్డాయి, గాలికుంటు వచ్చింది. నోళ్లూ గిట్టలూ పుండ్లు పడిన పశువులు మందలు మందలుగా తోపులోకి వచ్చి పడ్డాయి. పన్నెండో రోజు పొట్టేలు నీళ్లు తాగి వస్తానని వాగు దాకా వెళ్లి, అటునుంచి అటే పోయాడు. ఆ ఏడాదంతా ముగ్గురి పని ఇద్దరు చేశారు. మేకకు మెడ మీద బొచ్చు రాలిపోయింది. నక్క మాత్రం, ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని తేల్చేశాడు.

ఈ ఏడు వచ్చింది చుక్కి అనే లేడి ఒక్కతే. పెద్దమ్మ ఏమడిగినా తడుముకోకుండా చెప్పింది. కానీ కొండ అవతలి ఆసుపత్రివాళ్లు కూడా ఆమెను రమ్మన్నారు. పొద్దు గూకేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. మాట ఇచ్చాక మూడేళ్లు కదలడానికి లేదు.

ఆమె మనసులో ఉన్నది ఒకటే ప్రశ్న. అంతకుముందు పనిచేసిన చోట, మూడు రోజులు నిద్ర లేని కళ్లతో ఒక దూడ కాలికి కట్టు మరీ బిగించి కట్టింది. కాలు నల్లబడింది. ఎలాగో కాలు దక్కింది గానీ, అక్కడి పెద్ద ఆమెను నెల రోజులు అందరి ముందూ తిట్టాడు. అప్పటినుంచి ఏ కట్టు కట్టినా ఆమె పదిసార్లు విప్పి చూసుకుంటుంది. మళ్లీ అలాంటి చోట పడితే ఈ పనే మానేస్తానని ఆమెకు తెలుసు. ఇక్కడ తప్పు జరిగితే ఏం చేస్తారు? అది మేనేజరు ముందు అడగగలిగే మాట కాదు.

మధ్యాహ్నం జొన్న చొప్ప, తుమ్మకాయలు, లేత చిగుళ్లు పరిచారు. నక్క తన పీతను తెచ్చుకుని సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు.

"నేను లేననుకుని మాట్లాడుకోండి," అన్నాడు.

ముగ్గురూ మేత వైపు వంగారు. కాసేపటికి చుక్కి, వానాకాలంలో ఇక్కడ ఎలా ఉంటుందని అడిగింది. ఎద్దు నక్క వైపు చూశాడు.

"వానలు బాగా పడతాయమ్మా," అన్నాడు.

మేకకు పొలమారింది. నక్క అందుకుని, వాగు ఎంత నిండుగా పారుతుందో, తోపు ఎంత పచ్చగా ఉంటుందో చెప్పాడు. నిద్ర సంగతి అడిగితే దానికీ ఆయనే జవాబు చెప్పాడు. ఇక్కడ అందరం ఒక కుటుంబం అన్నాడు. ఆ మాట విన్నాక చుక్కికి చిగురు రుచించలేదు. తనను తిట్టిన చోట కూడా మొదటి రోజు అదే అన్నారు. కొండ అవతలికే పోదామని అప్పుడే అనుకుంది.

మేకకు ఒళ్లు మండింది. "మేనేజరు గారూ, మరి పోయినేడు పొట్టేలు..." అని మొదలుపెట్టింది. ఎద్దు గిట్టతో ఆమె కాలు నొక్కాడు.

"మేకక్కా, ముందు తిను. అమ్మాయీ, నువ్వు కూడా గబగబా మింగెయ్. నమలడం సంగతి తర్వాత," అన్నాడు ఎద్దు.

చుక్కి తలెత్తి ఎద్దు ముఖం చూసింది. ముగ్గురూ నమలకుండా మింగారు. పీత రెండో కాలు విరిచేసరికి నేల మీద ఆకు ముక్క లేదు. నక్కకు చాలా సంతోషం వేసింది. కబుర్లు లేకుండా తినడమంటే ఇదీ అని మెచ్చుకుని, చుక్కిని కాసేపు నీడన కూర్చోమని చెప్పి, పెద్దమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు.

నక్క ఒకసారి తింటే తిన్నట్టే. గడ్డి మేసేవాళ్లకు అసలు భోజనం మింగిన తర్వాతే. మధ్యాహ్నాలు ఎద్దూ మేకా నీడన పడుకుని, కళ్లు సగం మూసి దవడలు ఆడించడం ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు. దాన్ని బద్ధకం అనుకునేవాడు. ఒకటి రెండుసార్లు మందలించాడు కూడా.

వాగొడ్డున ముగ్గురూ కాళ్లు మడిచి కూర్చున్నారు. మింగిన మేత నోట్లోకి తిరిగి వచ్చింది. నెమరు మొదలైంది.

"ఇప్పుడు అడుగు," అన్నాడు ఎద్దు. "పోయినేడు నోరు మూసుకున్నాం. అది మేం చేసిన తప్పు."

ముందు మేక అందుకుంది. గాలికుంటు రోజుల్లో ఇరవై రోజులు సరిగ్గా నిద్ర ఉండదంది. చొప్పలో సగం మట్టి అంది. నక్క గారి మీటింగుల గురించి చెబుతూ ఆయనలా మీసం దువ్వుకుని చూపించింది. తన మెడ కూడా చూపించింది. అన్నీ విని చుక్కి, ఎవరికీ చెప్పని దూడ కాలి సంగతి చెప్పింది. చెప్పి, తలొంచుకుని, తన ప్రశ్న అడిగింది.

ఎద్దు దవడ ఆగింది.

"నేను ఒక గేదెకు ఇవ్వాల్సిన వేరు కాకుండా ఇంకో వేరు ఇచ్చాను," అన్నాడు. "గేదె కళ్లు తేలేసింది. పెద్దమ్మ వచ్చి, గేదె లేచేదాకా ఆ రోజంతా నా పక్కనే నిలబడింది. ఒక్క మాట అనలేదు. మర్నాడు అందరినీ పిలిచి, ఎలా జరిగిందో నన్నే చెప్పమంది. ముందు తనకు జరిగిన తప్పులు రెండు తనే చెప్పింది."

"తర్వాత?"

"తర్వాత వచ్చిన గేదెను నాకే అప్పగించింది."

చుక్కి మళ్లీ నెమరు అందుకుంది. నెమ్మదిగా నమిలింది. ఎన్నో నెలల తర్వాత తిన్నది ఒంటికి పట్టినట్టు అనిపించింది. మేక ఆమె వీపు మీద తల ఆనించి, ఉంటావా పోతావా చెప్పు పిల్లా, నాకు నిద్రొస్తోంది అంది.

సాయంత్రం పెద్దమ్మ తనకు ఇష్టమేనంది. చుక్కి తనూ ఉంటానంది. నక్క ముందుకు వచ్చి, తను భోజనానికి కూర్చోవడం వల్లే అమ్మాయికి ధైర్యం వచ్చిందన్నాడు. పెద్దమ్మ చుక్కి వైపు తిరిగింది.

"గాలికుంటు వస్తే నిద్ర ఉండదని చెప్పారా?"

"చెప్పారు పెద్దమ్మా."

"ఎద్దు ఇచ్చిన వేరు సంగతి?"

"అది విన్నాకే ఇక్కడ ఉంటానన్నాను."

నక్క నోరు తెరిచాడు. చివరి ఆకు దాకా తను అక్కడే ఉన్నానని, ఇవేవీ ఎవరూ అనలేదని గోల పెట్టాడు.

"నువ్వు సగం భోజనానికే కూర్చున్నావు నాయనా," అంది పెద్దమ్మ. "వీళ్లు మింగినదాన్ని మళ్లీ నములుతారు. మాటలు అప్పుడు వస్తాయి. వచ్చే ఏడు నుంచి ఆ సగానికీ కూర్చోకు."

"మరి వీళ్లేం చెబుతున్నారో నాకెలా తెలుస్తుంది?"

"వానలు వచ్చాక ఈ అమ్మాయి ఇక్కడే ఉందో లేదో చూడు. తెలుస్తుంది."

నక్క తోక ముడుచుకుని వెళ్లాడు. వానలు వచ్చాయి, గాలికుంటు వచ్చింది, పన్నెండో రోజు కూడా వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం చుక్కి వాగులో నీళ్లు తాగి, వెనక్కి వచ్చి, ఒక దూడ కాలికి కట్టు కట్టింది.

ఎవరు ఒప్పుకున్నా మానినా నేను చెప్పేది ఇదే: కొత్తగా వచ్చేవాళ్లు నిజం తెలుసుకోవాల్సిన చోట పెత్తనం చేసేవాళ్లు కూర్చోకూడదు.