పలకని పేరు పెట్టిన తాళం

అనగనగా, ఊళ్ళన్నీ అరచేతి ఫోనులోకి దూరిపోయిన కాలంలో, ఒక ఊళ్ళో వకుళమ్మ అని ఒకావిడ ఉండేది. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో మిన్నూ, ఇది పరుగుల కథ.

వకుళమ్మ ముగ్గు వేస్తే ఆకాశంలో పోయే కాకులు కిందికి దిగి, తొక్కకుండా చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్ళేవి. నేను చూశానుగా. ఆ ముగ్గులన్నీ వీడియోలు తీసి ఫోనులో తన ఛానల్లో పెట్టేది. లోకంలో సగంమంది అవి చూసేవాళ్ళు. మిగతా సగం వాళ్ళ భుజాల మీంచి తొంగిచూసేవాళ్ళు.

ఆ ఛానల్లో అన్నిటికంటే అడుగున, మొట్టమొదట పెట్టిన వీడియో ఒకటుంది. అందులో వకుళమ్మ వాళ్ళమ్మ ముగ్గు వేస్తూ జోలపాట పాడుతుంది. ఆ తర్వాత ఆవిడ పోయింది. తీసిన ఫోనేమో నూతిలో పడింది. ఇక ఆ గొంతు ఆ ఛానల్లో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు.

మరి అలాంటిదానికి తాళం వెయ్యాలి కదా. దాన్నే పాస్‌వర్డ్ అంటారు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. "మావారు", "ఇదుగో, మిమ్మల్నే", అంతే. "నా నోట ఎప్పటికీ రాని మాట అదొక్కటే" అనుకుని వకుళమ్మ మొగుడి పేరే తాళంగా పెట్టేసింది. పుండరీకాక్షయ్య. ఆ పేరు టైపు చేసేలోపు పొయ్యిమీద కందిపప్పు ఉడికిపోయేది.

అక్కడితో ఆగిందా? చంద్రవంక ముగ్గు వేస్తూ వీడియోలో గొప్పలు పోయింది. "నా తాళం ఎవరికీ దొరకదు. నేను నోటితో పలకని పేరు అది" అంది.

అప్పుడు ఆడపడుచు భ్రమరాంబ కొత్తిల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి వదిన వస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వకూడదు, అదొక సరదా ఆచారం.

"మా అన్నయ్య పేరు చెప్పి రా వదినా. లేకపోతే నీకు పులిహోర లేదు."

వకుళమ్మ సిగ్గుతో ఎర్రబడింది. ఎంత ఎరుపంటే, కొత్త గోడల సున్నం కూడా ఎర్రబడింది. చివరికి అందుకుంది. "పళ్ళెంలో పనసతొన, పక్కనే పాలకోవా, పులిహోర కోసం పలుకుతున్నా పుండరీకాక్షయ్యగారి పేరు."

అందరూ గొల్లున నవ్వారు. భ్రమరాంబ అదంతా తన ఫోనులో తీసి, అక్కడికక్కడే లోకమంతటికీ పెట్టేసింది.

ఎక్కడో ఒక దొంగ ఉన్నాడు. వాడికి ఒళ్ళంతా కళ్ళే. గొప్పలు పోయిన వీడియో చూశాడు. పేరు చెప్పిన వీడియో చూశాడు. రెండూ కలిపాడు. తాళం టక్కున ఊడింది.

ఆ తర్వాత ఏమైందనుకున్నావు? వకుళమ్మ పులిహోర తింటూ ఫోను తెరిచింది. ముగ్గులు మాయమైపోతున్నాయి. ప్రతి ముగ్గు చోటా బట్టతలకి రాసే నూనె సీసా వచ్చి కూర్చుంటోంది. మెలికల ముగ్గు పోయింది. తామరపువ్వు పోయింది. చంద్రవంక పోయింది. వాడు పైనుంచి కిందికి తుడుచుకుంటూ వస్తున్నాడు. అడుగున అమ్మ ఉంది.

అప్పుడు ఫోనుకి టింగుమని ఏవో అంకెలు వచ్చాయి. వెంటనే ఎవరో ఫోను చేశారు.

"అమ్మా, మేం కంపెనీ వాళ్ళం. మీ ఛానల్ కాపాడతాం. ఇప్పుడొచ్చిన అంకెలు చెప్పండమ్మా."

దొంగే. ఆ అంకెలు దొరికితే ఛానల్ మొత్తం వాడి పేరు మీదికి పోతుంది. మొదటి అంకె వకుళమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు గుమ్మం గుర్తొచ్చింది. ఒక్క పేరు పలికినందుకే ఇల్లు గుల్లవుతోంది. గబుక్కున నోట్లో పులిహోర ముద్ద కుక్కుకుని ఫోను పెట్టేసింది.

రెండోసారి వాడు గొంతు పెంచాడు. "చెప్పకపోతే పోలీసులొస్తారు."

"రమ్మను నాయనా, పులిహోర చాలా ఉంది" అంది.

మూడోసారి మెసేజ్ వచ్చింది. భ్రమరాంబ ఫోటో, భ్రమరాంబ పేరు. "వదినా, నేనే. ఆ అంకెలు నాకు పంపు, సరిచేయిస్తాను."

వకుళమ్మ వేలు అంకెల మీదికి వెళ్ళింది. వెళ్ళి ఆగింది. "భ్రమరా, నాకేమైనా రాశావా?" అని వంటింట్లోకి కేకేసింది. ఆ కేకకి పక్క జిల్లాలో బస్సులు ఆగిపోయాయి.

"చేతులు గారెల పిండిలో ఉంటే ఎలా రాస్తాను వదినా, ముక్కుతోనా?"

అంతే. వకుళమ్మ తన వేళ్ళతో తనే ఛానల్లోకి దూరింది. "మిగతా ఫోన్లన్నిటినీ బయటికి పంపు" అన్న మీట నొక్కింది. దొంగ వెళ్ళి వాడి నూనెసీసాల మీదే పడ్డాడు. ఆ తర్వాత తాళం మార్చేసింది.

మిగిలింది ఒకే ఒక్క వీడియో. నొక్కింది. వాళ్ళమ్మ పాడింది. పెళుసుగా మాట్లాడే భ్రమరాంబ కూడా పిండిచేతులతో గుమ్మంలో నిలబడిపోయింది. పొయ్యిమీద నూనె కూడా చిటపటలు మానేసింది.

"కొత్త తాళం కూడా నా పేరేనా?" అని పుండరీకాక్షయ్య మీసం దువ్వుతూ అడిగాడు.

"మీకెందుకండీ" అంది వకుళమ్మ. ఆ మీసం అప్పుడు వాలింది, ఇప్పటికీ లేవలేదు.

ఏంటే మిన్నూ, కొత్త తాళం ఏంటా? నేనూ వకుళమ్మా ఒకే జామకాయ కొరుక్కున్నవాళ్ళం. అయినా అది చెప్పలేదు, నేను అడగలేదు. నువ్వూ అడక్కు, పడుకో.

కథేమో కంచికి,
గుట్టేమో గుండెకి,
దొంగేమో దొడ్డిదారికి,
మనమేమో మంచానికి.