కంప్యూటర్లో దొరికిన పాదం

“అయ్యవారూ, లోకంలో ఇన్ని బొమ్మలుండగా నేనింకోటి గీయడం దేనికి?”

శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్పే మునిరత్నం అయ్యవారిని ప్రసూన ఈ ప్రశ్న నిలబడే అడిగింది. చంకలో మడతపెట్టిన గుడ్డ, భుజాన ల్యాప్‌టాప్ సంచి. కూర్చోమ్మా అన్నా కూర్చోలేదు.

ఆ గుడ్డ సంగతి ముందు చెప్పాలి. అయ్యవారింట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా చెయ్యి కుదిరిందని ఆయనకు తోచిన రోజున, కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో తానే నిలువెత్తు గుడ్డ ఒకటి తడిపి, ఆరబెట్టి, చేతిలో పెడతారు. ఏం గీయాలో చెప్పరు. గీసి తెస్తే మూలన సంతకం పెట్టుకోమంటారు. గీయకుండా మడతపెట్టి తిరిగిచ్చారా, ఇక కలం వదిలేసినట్టే. ఆయన బతిమాలరు, మళ్ళీ ఇవ్వరు. ప్రసూన తెచ్చింది ఆ గుడ్డే. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

పిల్ల బద్ధకస్తురాలా అంటే కాదు, కాదంటే కాదు! అసలు రోగం ఉత్సాహంతోనే వచ్చింది. చీరల అంచులు ఆన్‌లైన్లో అమ్ముకుందామని ల్యాప్‌టాప్ కొనుక్కుంది. గ్యాస్ బుక్ చేసేదీ అందులోనే, కరెంటు బిల్లు కట్టేదీ అందులోనే. ఒకరోజు చిలక ముక్కు ఎలా తిప్పితే బాగుంటుందా అని వెతకబోయింది. ఇంకేముంది! చిలక ముక్కు దగ్గర బయల్దేరిన మనిషి ఎక్కడెక్కడ తేలిందని! ఊరూరా తిరిగి పాత తలుపుల గొళ్ళాలను మాత్రమే ఫొటోలు తీసి పెట్టినాయన వెబ్‌సైటు ఒకటి. రకరకాల కప్పుల మీద వాన పడే చప్పుడు తప్ప మరేమీ లేని సైటొకటి. తన మిద్దె మీద వాలిన పిట్టలన్నిటికీ ముద్దుపేర్లు పెట్టి, ఏ పిట్ట ఎవరితో అలిగిందో రాసుకున్న పెద్దావిడది ఇంకొకటి. ప్రసూన పొంగిపోయింది. పక్కింటి వాళ్ళను పిలిచి మరీ వాన చప్పుడు వినిపించింది. పొయ్యి మీద పప్పు మాడింది, అయినా నవ్వుకుంది.

అలా తిరుగుతూ తిరుగుతూ ఏదో దూరదేశపు మ్యూజియం సైటులో పడింది. అక్కడ వందల ఏళ్ళనాటి కలంకారీ గుడ్డలు! నూలుపోగు కనబడేంత దగ్గరికి తెచ్చుకుని చూడొచ్చు. అందులో గౌరీకల్యాణం గుడ్డ చూసి ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఆ గీత ఏమిటి, ఆ కళ్ళేమిటి! ఒకటి చూస్తే పక్కన ఇంకోటి, దాన్ని నొక్కితే మరో పది. చూసినకొద్దీ సంతోషం, చూసినకొద్దీ దిగులు. తన గుడ్డ ముందు కూర్చుంటే చెయ్యి లేవలేదు. ఇంత గొప్పగా గీసినవాళ్ళు గీసి వెళ్ళాక, మధ్యలో నేనెవర్నని? ఆఖరికి ఆ పొద్దున గుడ్డ మడతపెట్టింది. మడతపెడుతూ ఏడ్చింది.

అయ్యవారు ప్రశ్న విన్నారు. గుడ్డ వంక చూశారు. చెయ్యి మాత్రం గుడ్డ కోసం చాపలేదు, ల్యాప్‌టాప్ సంచి కోసం చాపారు.

“అంత బాగుండాయా? ఏదీ, నన్నూ తీసుకుపో అమ్మణ్ణీ!”

తిడతారనుకున్న ప్రసూన తెల్లబోయింది. చేసేదేముంది, చాప మీద కూర్చుని తెరిచింది. అయ్యవారు కళ్ళద్దాలు తుడుచుకుని, తిరనాళ్ళకు బయల్దేరిన పిల్లాడిలా పక్కన చేరారు. సైటు తెరుచుకోగానే కుకీలకు ఒప్పుకుంటారా అని ఓ పెట్టె అడ్డమొచ్చింది.

“గుమ్మంలోనే ఏందో అడగతా ఉండాడే. మర్యాదగా చెప్పు, బొమ్మలు చూసి పోతామని.”

ప్రసూనకు నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి. గౌరీకల్యాణం గుడ్డ తెర మీదికి వచ్చింది. అయ్యవారు అబ్బ అన్నారు, మళ్ళీ అబ్బబ్బ అన్నారు. ప్రసూన అలవాటు కొద్దీ పక్క బొమ్మ మీదికి వేలు పోనిచ్చింది.

“ఇంకోటుంది అయ్యవారూ, ఇంతకంటే బాగుంటుంది.”

“ఉంటుందిలే, యాడికి పోతుంది? నేనింకా ఈ పెండ్లిలోనే ఉండా.”

పెళ్ళంటే పెళ్ళే అయింది ఆయనకు. సన్నాయి ఊదేవాడి బుగ్గలు చూశారు. వంటవాడు గరిటె పట్టిన తీరు చూసి, వీడు ఎడమచేతి వాటం వాడే, చూశావా అని తొడ చరిచారు. మూల నుంచి మూలకు జరపమంటారు, దగ్గరికి తెమ్మంటారు, మళ్ళీ వెనక్కి పొమ్మంటారు. ప్రసూన మొదట కాలు కాలిన పిల్లిలా కదిలింది. తరవాత తరవాత ఆమెకూ సరదా ఎక్కింది. ఈ గుడ్డను తానెన్నిసార్లు తెరిచి ఉంటుంది! వంటవాడున్నట్టే తెలియదే! ముఖాలు చూసి, ఆహా అనుకుని, పక్కదానికి పరిగెత్తిందంతే.

కుడిపక్కన హారతి పళ్ళెం పట్టుకున్న ముత్తయిదువ దగ్గరకు వచ్చారు. ఆ కళ్ళే ప్రసూనను రోజుల తరబడి కుంగదీసినవి. అయ్యవారు కళ్ళు చూసి, నడుం చూసి, కుచ్చిళ్ళు చూసి, ఇంకా దిగమన్నారు. పాదాలొచ్చాయి. ప్రసూన కళ్ళు చిట్లించింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

“అయ్యవారూ!” అని ఒక్క కేక పెట్టింది. “ఈమె కుడికాలికి ఆరు వేళ్ళు!”

“ఆ!”

ఆయన ముక్కు తెరకు తగిలేంత వంగారు. “ఆరే! ఓరి నీ యిల్లు బంగారం గానూ, ఆరే!”

ఇద్దరూ నవ్వడం మొదలెట్టారు. ఆ నవ్వుకు వంటింట్లోంచి అయ్యవారి భార్య చెంగమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తానూ తొంగిచూసింది.

“పాపం, ఆ పిల్లకు నిజంగానే ఆరుండినాయేమో! ఎందుకట్లా ఎగతాళి చేస్తారు?”

ప్రసూన ఎడమపాదానికి జరిపింది. ఐదే. ఆ పక్కన ముత్తయిదువలందరి పాదాలూ చూసింది. అందరికీ ఐదే. అనుమానం లేదు, చెయ్యి జారింది. ఇనుపముక్కలు నానబెట్టిన నీటి నల్లరంగుతో గీసిన గీత. గుడ్డకు అంటిందంటే దాన్ని చెరిపే మొనగాడు పుట్టలేదు. అంతటివాడికీ చెయ్యి జారింది! దేశదేశాల వాళ్ళు చూసి మెచ్చుకుంటున్న గుడ్డ మీద, పెళ్ళి పందిట్లో, అందరి ఎదుటా ఆరు వేళ్ళతో నిలబడి హారతి ఇస్తోంది ఆ మహాతల్లి! ప్రసూనకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. అయినా ఎప్పుడో ఆ బొమ్మ గీసిన మనిషి మీద జాలేసింది.

“చూసుకోలేదు పాపం. చూసుకునుంటే ఎంత బాధపడేవాడో.”

అయ్యవారు నవ్వు ఆపారు.

“ఇంకొంచెం దగ్గరికి తే.”

ఇంతకంటే దగ్గరికి రాదేమో అనుకుంటూనే ఆమె వేళ్ళు విప్పింది. వచ్చింది. పాదం తెరంతా నిండింది. గుడ్డ నేత గళ్ళుగళ్ళుగా కనబడింది. ఆరో వేలికి గోరు గీసి ఉంది. గోటికి పారాణి పెట్టి ఉంది. మిగతా వేళ్ళన్నీ బోసిగా ఉన్నాయి, రెండో వేలికొక్కటే అందరికీ ఉన్నట్టే మామూలు మెట్టె. ఈ ఆరోదానికి మాత్రం, చుట్టూ సన్నటి చుక్కలు పోసిన, పందిట్లో ఇంకెవరికీ లేనంత ముచ్చటైన మెట్టె తొడిగి ఉంది.

ఎప్పటివాడో, పేరేమిటో, ఊరేమిటో! కలం పట్టుకుని, తన తప్పు మీదికి వంగి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క చుక్కే పెడుతున్న ఆ మనిషి పక్కనే కూర్చున్నట్టనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదాల మీద మాత్రం నవ్వే. చేతులు ఒకటే దురదపెట్టాయి. చంకలో గుడ్డ ఎప్పుడు తీసిందో, ఎప్పుడు బల్ల మీద పరిచిందో ఆమెకే తెలియదు. అరచేత్తో మడతలు సాపు చేసి, దులిపితే పోయే చింతబొగ్గు అందుకుంది.

అయ్యవారు ఆమె వంక చూడలేదు. ల్యాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుని, తిప్పడం చేతకాక, పక్క బొమ్మ ఎట్లా వస్తుందని చెంగమ్మను అడుగుతున్నారు. నాకేం తెలుసు, ఇది నొక్కండి అంటోంది ఆవిడ. నొక్కితే ఇంకేదో సైటు తెరుచుకుని పరుపుల ప్రకటన వచ్చింది. పరుపు మెత్తగా ఉన్నట్టుందే అని ఇద్దరూ దాన్నీ శ్రద్ధగా చూశారు.

బొగ్గు గీతలయ్యేసరికి మధ్యాహ్నమైంది. బల్ల నిండా పెళ్ళి కాదు, పురాణం కాదు. వాన పడుతున్న మిద్దె, దాని మీద అలిగి ఎడమొహం పెడమొహంగా కూర్చున్న పిట్టలు, కింద గొళ్ళెం తీసి తొంగిచూస్తున్న ఒక ఆడమనిషి. ప్రసూన కలాన్ని నల్లరంగులో ముంచింది. మొన గుడ్డకు తగలబోతుండగా చెయ్యి ఆగింది. ఇక్కడి నుంచి చెరపడాలుండవు.

“అయ్యవారూ, నాకూ చెయ్యి జారితే?”

“జారనీలే,” అన్నారు ఆయన, తెర మీంచి కళ్ళెత్తకుండానే. “మెట్టె పెట్టేటప్పుడు మాత్రం తొందరపడబాక.”